ఇంగ్లీష్‌తో ఆరేళ్ళు గడిచిపోయాయి, ఇప్పుడు జర్మన్ నేర్చుకోవాలా? మీ అనుభవాలు చెప్పండి

పెన్నాఒడ్డు, మ్యూనిక్

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, 2019లో బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న ఉద్యోగులకి ఇచ్చే రెసిడెన్స్ పర్మిట్) మీద మ్యూనిక్ వచ్చాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, టీమ్‌లో సగం మంది బయటి దేశాల వాళ్ళే, మీటింగులు, మెయిళ్ళు, క్యాంటీన్ కబుర్లు అన్నీ ఇంగ్లీష్‌లోనే. పర్మనెంట్ రెసిడెన్స్ కోసం 2022లో ఎ1 పరీక్ష (భాషలో మొట్టమొదటి మెట్టు, దాని పైన ఎ2, బి1, బి2) రాశాను, అప్పటి రూల్ ప్రకారం 33 నెలలు పూర్తయ్యాయి కాబట్టి అది సరిపోయింది. కార్డు చేతికొచ్చిన రోజునే పుస్తకం అటకెక్కింది, మళ్ళీ తియ్యలేదు. దుకాణంలో కార్డు పెడితే చాలు, ఉత్తరం వస్తే ఫోన్‌తో ఫోటో తీసి చదువుకుంటాం, అలా నెట్టుకొచ్చేశాం.

ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే, రెండు నెలల క్రితం మా ఆవిడకి కడుపులో నొప్పి మొదలైంది. ఆ రోజు నాకు ఆఫీసులో రిలీజ్, కదల్లేను. మా ఆవిడది తెలుగు మీడియం, ఇంగ్లీష్ అంతంతమాత్రం. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, ఇక్కడి స్కూల్లోనే చదువు, జర్మన్ గడగడా మాట్లాడుతుంది, దాన్ని తోడిచ్చి డాక్టర్ దగ్గరికి పంపాను. మా ఆవిడ చెప్పింది ఇదీ: "కుడి డొక్కలో సలుపుతోంది, అన్నం తిన్న గంటకి ఎక్కువవుతుంది, వీపులోకి పాకుతుంది." పిల్లకి డొక్క అంటే తెలీదు, సలపడం అంటే తెలీదు. అమ్మకి కడుపు నొప్పి అని ఒక్క ముక్క చెప్పింది. డాక్టర్ ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగితే వాటిని తెలుగులో ఎలా అడగాలో పిల్లకి రాలేదు, మా ఆవిడ ఏదో ఊహించుకుని తలూపింది. గ్యాస్‌కి మాత్రలిచ్చి పంపారు. డాక్టర్ తప్పేం లేదు, ఆవిడ విన్నదానికి ఆవిడ వైద్యం చేసింది. తొమ్మిదో రోజు రాత్రి ఒంటిగంటకి అంబులెన్స్ పిలవాల్సి వచ్చింది. పిత్తాశయంలో రాళ్ళు, అప్పటికే బాగా వాచిపోయింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు తేరుకుంది.

హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చిన రాత్రి పిల్ల నా పక్కన పడుకుని "నాన్నా, నేను తప్పు చెప్పానా" అని అడిగింది. నేను కాదమ్మా అన్నాను కానీ అప్పట్నుంచీ ఆ మాట నన్ను వదలడం లేదు.

నాకిప్పుడు 38. ఈ వయసులో మొదలుపెడితే వస్తుందా? మా ఆవిడ ఒక్కతే నేర్చుకుంటే చాలా, నేనూ కూర్చోవాలా? ఇలాంటి పరిస్థితిలో మీరేం చేశారో చెప్పండి.

స్ప్రీతీరం, బెర్లిన్

అన్నా, ముందు వదినగారికి నయమైనందుకు సంతోషం. నా అభిప్రాయం మాత్రం వేరు, ఏమీ అనుకోవద్దు.

నేను బెర్లిన్‌లో నాలుగేళ్ళుగా ఉన్నాను, జర్మన్ రాదు, నేర్చుకోలేదు. బద్ధకంతో కాదు, లెక్కేసుకునే మానేశాను. ఇక్కడ బయటి దేశాల వాళ్ళకి పెట్టే ఇంటిగ్రేషన్ కోర్సు అంటే భాషకే 600 గంటలు, ఆ పైన దేశం గురించి ఇంకో 100. ఇంత చేస్తే వచ్చేది బి1, అంటే ఇంటి ఓనర్‌తో, పోస్ట్‌మ్యాన్‌తో తడబడకుండా మాట్లాడటం వరకే. ఆ 600 గంటలు నా పనికి సంబంధించిన చదువు మీద పెడితే జీతం పెరుగుతుంది, రేపు నెదర్లాండ్స్ పోయినా కెనడా పోయినా వెంట వస్తుంది. జర్మన్ ఈ దేశం దాటితే ఆస్ట్రియాలో, స్విట్జర్లాండ్‌లో తప్ప అక్కరకు రాదు.

డాక్టర్ల సంగతికొస్తే, ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు, అపాయింట్‌మెంట్ పెట్టుకునేటప్పుడే భాషని బట్టి వెతకొచ్చు. నువ్వు ఒక పూట సెలవు పెట్టి ఉంటే ఇదంతా జరిగేది కాదేమో అన్నా. బాధపెట్టాలని అనడం లేదు, సమస్య భాషదేనా అని అడుగుతున్నాను.

కరీంనగర్‌నర్సు, ట్యూబింగెన్ దగ్గర

పెన్నాఒడ్డు అన్నా, మీ పోస్ట్ చదివి కళ్ళల్ల నీళ్ళు తిరిగినయ్. నేను రోజూ మంచానికి ఇటుపక్క నిలబడే మనిషిని. అటుపక్క పడుకున్నోళ్ళు నొప్పి చెప్పలేక ఎంత నలిగిపోతారో చూస్తుంటాను.

మాకు నేర్చుకోవాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. హైదరాబాద్‌లో ప్రైవేట్ హాస్పిటల్ ఉద్యోగం మానేసి తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మన్ క్లాసులో చేరాను. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఒకటే భాష. అక్కడ బి1 చేసి వచ్చాను, ఇక్కడికొచ్చాక బి2. అది చేతికొచ్చి, మన నర్సింగ్ డిగ్రీని వీళ్ళు గుర్తించేదాకా నర్సుగా సంతకం పెట్టనియ్యరు, అప్పటిదాకా హెల్పర్ జీతమే. అప్పుడు చాలా కోపమొచ్చేది, ఎనిమిదేళ్ళు ఐసీయూలో చేసినదాన్ని నాకు మంచాలు తుడిచే పనేంటని. వార్డులోకి పోయినంక తెలిసింది ఎందుకో.

ఒక సంగతి చెప్తాను. ఇది ష్వేబిష్ అనే జర్మన్ యాస మాట్లాడే ప్రాంతం. ఒక ముసలాయన "ఫూస్" నొప్పి అన్నాడు. పుస్తకంలో ఫూస్ అంటే పాదం. నేను దుప్పటి తీసి పాదం అంతా చూశాను, వాపు లేదు, దెబ్బ లేదు, ఏమీ లేదని రాయబోతున్నాను. ఆయన తల అడ్డంగా ఊపి తొడ మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఈ ప్రాంతంల ఫూస్ అంటే తుంటి నుంచి కిందిదాకా మొత్తం! ఒక్క నిమిషం నవ్వొచ్చింది, ఎందుకంటే మనం కూడా అంతే కదా, కాలు నొప్పి అంటే మడమ కావచ్చు, మోకాలు కావచ్చు, పిక్క కావచ్చు. ఆ రోజు నుంచి ఆయన నన్ను మనవరాలి లెక్క చూసుకున్నడు, నేను వస్తేనే మందులేసుకునేటోడు.

అన్నా, వదినకు ఈ మాటలు రాసివ్వండి, ఫ్రిజ్ మీద అంటించుకోమనండి. గుచ్చినట్టుంటే ష్టెహెండ్. మంటగా ఉంటే బ్రెన్నెండ్. లాగినట్టుంటే త్సీహెండ్. నొక్కేసినట్టుంటే డ్ర్యుకెండ్. సలుపుతుంటే పోహెండ్. తిమ్మిరెక్కి చీమలు పాకినట్టుంటే "ఎస్ క్రిబెల్ట్". వదిన చెప్పిన వీపులోకి పాకుతోంది అన్నదానికి "ఎస్ ష్ట్రాల్ట్ ఇన్ డెన్ ర్యుకెన్ ఔస్". ఈ చివరి వాక్యం వింటే కుడి డొక్క నొప్పికి డాక్టర్ వెంటనే పిత్తాశయం గురించి ఆలోచించేవారని నాకు గట్టిగా అనిపిస్తుంది. వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు, ముందు ఒంటి మాటలు నేర్చుకోవాలి.

లెక్కలటీచర్, ఫ్రాంక్‌ఫర్ట్

స్ప్రీతీరం గారూ, మీరు వేసిన లెక్క మీ ఒక్కరిదే. ఇంట్లో రెండో మనిషి లెక్క ఎవరు వేస్తారండీ?

నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఎడ్. గుంటూరులో ఆరేళ్ళు టెన్త్ క్లాసుకి చెప్పాను. 2017లో పెళ్ళయి వచ్చాను. మామూలుగా భార్యగానో భర్తగానో వచ్చేవాళ్ళు ఎ1 పాసయితేనే వీసా ఇస్తారు, బ్లూ కార్డ్ ఉన్నవాళ్ళ కుటుంబానికి మాత్రం ఆ నిబంధన లేదు. అప్పుడు మా ఇంట్లో అందరూ ఎంత అదృష్టమో అన్నారు. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఆ వెసులుబాటు వల్ల నేను మూడేళ్ళు పోగొట్టుకున్నాను. ఒక్క మాట రాకుండా దిగాను, దిగాక ఎవరూ నేర్చుకోమని అనలేదు, మావారికి ఆఫీసులో అవసరం లేదు కాబట్టి ఇంట్లో కూడా అవసరం లేదనుకున్నారు.

ఆ మూడేళ్ళు ఎలా ఉండేదంటే, బెల్ మోగితే గుండె దడదడలాడేది. ఒకసారి పసుపు కవరు వచ్చింది. ఇక్కడ పసుపు కవరంటే మామూలు ఉత్తరం కాదు, ఇచ్చిన తేదీ కవరు మీదే పెన్నుతో రాసి డబ్బాలో వేసి వెళ్తారు, గడువు ఆ రోజు నుంచే మొదలవుతుంది. నాకు ఆ సంగతి తెలీదు. మావారు ఇండియా వెళ్ళి ఉన్నారు, వచ్చాక చూపిద్దామని సొరుగులో పెట్టాను. ఆయన వచ్చేసరికి మూడు వారాలు. కారు స్పీడ్ జరిమానా అది, ఆ రోజు కారు అసలు మా దగ్గర లేదు, మెకానిక్ దగ్గర ఉంది. అభ్యంతరం చెప్పడానికి రెండు వారాలే గడువు, అయిపోయింది, కట్టాం. డబ్బు పెద్దది కాదు. చదువుకున్నదాన్ని అయి ఉండి నా చేతిలో ఉన్న కాగితం మీద ఏముందో నాకు తెలీకపోవడం, ఆ నిస్సహాయత నాకు ఇప్పటికీ గుర్తే.

2020 చివర్లో క్లాసులో చేరాను. సిరియా అమ్మాయి, ఉక్రెయిన్ ఆవిడ, ఎరిత్రియా కుర్రాడు, ఇరాన్ నుంచి ఒక ఇంజనీరు గారు, అందరం ఒకే బెంచీలో చంటిపిల్లల్లా "ఇహ్ హైసె", అంటే నా పేరు ఫలానా, అని మొదలుపెట్టాం. అప్పట్లో రెండేళ్ళలోపు బి1 పాసయితే కట్టిన ఫీజులో సగం వెనక్కిచ్చేవారు, నాకు వచ్చింది, ఆ డబ్బుతో మా అమ్మకి చీర కొన్నాను. ఇప్పుడు ఒక స్కూల్లో మధ్యాహ్నం పూట పిల్లలతో హోంవర్క్ చేయించే పని చేస్తున్నాను. పూర్తి టీచర్‌ని కావాలంటే ఇంకా చాలా పైకెక్కాలి, ఎక్కుతాను.

పెన్నాఒడ్డు గారూ, మీరూ కూర్చోండి. మీ ఆవిడని ఒక్కదాన్నే పంపితే అది ఆవిడకి ఇంకో ఇంటిపని అవుతుంది.

స్ప్రీతీరం, బెర్లిన్

లెక్కలటీచర్ గారూ, నాకింకా పెళ్ళి కాలేదు, ఆ కోణం నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. అయినా ఒక మాట. ఇక్కడ ఉంటామో ఉండమో తెలియనివాళ్ళు ఎంతో మంది ఉన్నారు. రెండేళ్ళలో వెళ్ళిపోయేవాడికి ఇది బరువే.

పాతకాపు, స్టుట్‌గార్ట్

తమ్ముడూ, "ఉంటామో ఉండమో" అన్నావు చూడు, ఆ మాట నేను 2001లో అన్నాను.

అప్పట్లో ఇక్కడ ఐటీ వాళ్ళకోసం గ్రీన్ కార్డ్ అని పెట్టారు, 2000 ఆగస్టులో మొదలైంది, 20,000 మందికి, ఐదేళ్ళ వరకే. ఐదేళ్ళే కదా అని నేను సూట్‌కేసులు కూడా పూర్తిగా విప్పలేదు. ఒకటి 2004 దాకా మంచం కింద సర్దినట్టే ఉండిపోయింది. భాష ఎందుకు, వెళ్ళిపోతాం కదా. ఇప్పుడు మా అబ్బాయి ఇక్కడే యూనివర్సిటీలో ఉన్నాడు.

మా పాత ఇంట్లో కింది అంతస్తులో ఒక టర్కీ పెద్దాయన ఉండేవారు. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. పనివాళ్ళని పిలిపించుకోవడానికి టర్కీతో ఇక్కడి ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నది 1961 అక్టోబర్‌లో, ఇటలీతో అంతకంటే ముందే, 1955లో. వాళ్ళని పిలిచిన పేరే అతిథి కార్మికులు, అంటే పని చేసి వెళ్ళిపోయే చుట్టాలన్నమాట. 1973లో కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారు కానీ ఉన్నవాళ్ళు వెళ్ళలేదు, కుటుంబాలని తెచ్చుకున్నారు. వాళ్ళకి భాష నేర్పాలని ప్రభుత్వం అనుకోలేదు, నేర్చుకోవాలని వాళ్ళూ అనుకోలేదు, వెళ్ళిపోతారనే ఇద్దరూ నమ్మారు. దేశమంతటికీ ఒక పద్ధతిగా ఇంటిగ్రేషన్ కోర్సులు మొదలైంది 2005లో. మొదటి ఒప్పందానికి యాభై ఏళ్ళ తర్వాత! ఆ పెద్దాయనకి జర్మన్‌లో ఫ్యాక్టరీ మాటలన్నీ వచ్చు, పనిముట్ల పేర్లు, షిఫ్టుల పేర్లు, మేస్త్రీ తిట్లు. తన మనవడి టీచర్‌తో మాట్లాడటానికి మాత్రం మాటల్లేవు. భార్య పోయినప్పుడు ఆసుపత్రి కాగితాలు పట్టుకుని మా తలుపు కొట్టారు, నాకూ సరిగ్గా రాదు, ఇద్దరం డిక్షనరీ పెట్టుకుని వంటగదిలో కూర్చుని ఒక్కొక్క మాటా వెతుక్కున్నాం. మర్నాడే నేను సాయంత్రం క్లాసులో పేరిచ్చాను.

2024 జూన్‌లో పౌరసత్వ చట్టం మార్చినప్పుడు ఆ తరానికి ఒక మినహాయింపు ఇచ్చారు. 1974 జూన్ లోపు పనికి వచ్చినవాళ్ళు భాషా పరీక్ష రాయక్కర్లేదు, రోజువారీ మాటలు మాట్లాడగలిగితే చాలు. తూర్పు జర్మనీకి కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళకి కూడా ఇలాంటిదే ఇచ్చారు. మేం మీకు నేర్పలేదు అని దేశం ఒప్పుకోవడమే అది. చదివినప్పుడు నాకు ఆ పెద్దాయన గుర్తొచ్చారు, ఆయన అప్పటికే లేరు.

వెళ్ళిపోయేదాకా అయినా మనం బతికేది ఇక్కడే తమ్ముడూ.

ఎల్బెగాలి, మాగ్డెబుర్గ్

నేను స్టూడెంట్‌ని, మాస్టర్స్ నాలుగో సెమిస్టర్. మా వైపు నుంచి కూడా చెప్తాను.

కోర్సు ఇంగ్లీష్‌లో ఉంది, ఫీజు తక్కువ, జర్మన్ అక్కర్లేదు అని చెప్పే కదా అక్కడ కన్సల్టెన్సీలు పంపిస్తున్నాయి. 2023–24 నాటికే ఇక్కడున్న విదేశీ విద్యార్థుల్లో మొదటి స్థానం ఇండియాదే, దగ్గరదగ్గర 49 వేల మంది. నాలాంటి వాళ్ళకి దిగాక తెలుస్తుంది, చదువుకి అక్కర్లేదు కానీ ఉద్యోగానికి కావాలని. నేను మెకానికల్. 140 అప్లికేషన్లు పెట్టాను, చాలావాటిలో మొదటి ఫోన్ కాల్ జర్మన్‌లోనే, రెండో వాక్యానికే దొరికిపోతాను. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. ఆ 18 నెలల్లో వెతకాలా, అప్పు తీర్చడానికి గోడౌన్‌లో డబ్బాలు మొయ్యాలా, జర్మన్ నేర్చుకోవాలా?

పైగా మాట్లాడదామని ధైర్యం చేస్తే, నేను రెండు ముక్కలు మొదలుపెట్టగానే అవతలివాళ్ళు మర్యాదకి ఇంగ్లీష్‌లోకి మారిపోతారు. దాంతో నోరు మూతపడిపోతుంది. దీనికేం చెయ్యాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్, నిజంగా టెన్షన్‌గా ఉంది.

కరీంనగర్‌నర్సు, ట్యూబింగెన్ దగ్గర

తమ్ముడూ, ఇంగ్లీష్‌లోకి మారితే నువ్వు మారకు. "బిట్టె ఔఫ్ డొయిచ్, ఇహ్ లెర్నె నొహ్" అను, దయచేసి జర్మన్‌లోనే చెప్పండి, ఇంకా నేర్చుకుంటున్నా అని. ఈ ఒక్క వాక్యం అన్నాక నాతో విసుక్కున్నవాళ్ళు చాలా తక్కువ. గోడౌన్‌లో నీ పక్కన మోసేవాళ్ళతో మాట్లాడు, వాళ్ళకు ఇంగ్లీష్ రాదు, అదే నీకు మంచిది.

నల్లరేగడి, లైప్‌జిగ్

అందరూ నేర్చుకోమనే అంటున్నారు, నేనూ నేర్చుకున్నాను, బి2 ఉంది. అయినా ఇంకో నిజం కూడా ఇక్కడ ఉండాలి.

భాష వస్తే అంతా బాగుంటుందని కొత్తవాళ్ళకి చెప్పకండి. ఒక ఆఫీసు కౌంటర్ దగ్గర నేను జర్మన్‌లో శుభ్రంగా అడిగాను. ఎదుటి మనిషి నా వాక్యంలో ఒక ప్రత్యయం తప్పు పట్టుకుని, పక్కనున్న వాళ్ళకి వినపడేలా మళ్ళీ చెప్పమన్నారు, మూడుసార్లు చెప్పించారు. నా వెనక క్యూలో పన్నెండు మంది. నా కాగితం తీసుకోలేదు, సరిగ్గా మాట్లాడటం నేర్చుకుని రమ్మన్నారు. ఆ రోజు ట్రామ్‌లో కూర్చుంటే చేతులు వణుకుతూనే ఉన్నాయి. రాకపోతే రాదంటారు, వస్తే యాస బాగాలేదంటారు. భాష మన వైపు నుంచి చాచే చెయ్యి, అందుకోవాల్సింది వాళ్ళు కూడా. ఆ సగం మన చేతిలో లేదు.

నేనైతే మానలేదు. ఆ కాగితం మళ్ళీ తీసుకెళ్ళాను, ఈసారి వేరే ఆవిడ ఉన్నారు, ఐదు నిమిషాల్లో పనైంది.

హోసూరుతెలుగు, కార్ల్స్‌రూహే

మాది హోసూరు, తమిళనాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడ, కాలేజీలో ఇంగ్లీష్. మా అవ్వ ఒక్కరోజు బడికి పోలేదు, మూడు భాషల్లో బేరమాడేది. ఆమెకి అది భాష నేర్చుకోవడం అని కూడా తెలీదు, టమాటాలు అమ్ముకోవాలి కాబట్టి మాట్లాడేది, తప్పుల్తోనే మాట్లాడేది.

ఇక్కడికొచ్చాక నాకు ఆశ్చర్యమేసింది ఏంటంటే, మనవాళ్ళు పూర్తిగా వచ్చేదాకా నోరు విప్పరు. పరీక్షలో మార్కులు పోతాయన్న భయం లాంటిది ఏదో ఉంది మనకి. బెంగళూరులో పదేళ్ళుండి కన్నడ రానివాళ్ళు, హైదరాబాద్‌లో పదేళ్ళుండి తెలుగు రానివాళ్ళు మనకి తెలుసు. కూరగాయల బండి దగ్గర తెలుగులో ఒక్క మాట కూడా ప్రయత్నించని మనిషిని చూస్తే మనకి ఎలా అనిపిస్తుంది? "ఎంత" అని వచ్చీరాని తెలుగులో అడిగితే ఎంత ముచ్చటేస్తుంది? ఇక్కడి వాళ్ళకి కూడా అంతే అనుకుంటాను. నల్లరేగడి గారికి ఎదురైన మనిషి లాంటివాళ్ళు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

భాషాపాఠం, హైదరాబాద్

నేను హైదరాబాద్‌లో పదకొండేళ్ళుగా జర్మన్ చెప్తున్నాను. వయసు గురించి అడిగారు కదా, నా క్లాసులో 52 ఏళ్ళ ఆవిడ మనవడి కోసం నేర్చుకుని ఎ2 పాసయ్యారు. 38 ఒక లెక్క కాదు.

ఇంకో మాట, తెలుగువాళ్ళు జర్మన్‌ని ఇంగ్లీష్ గుండా నేర్చుకోబోయి కష్టపడతారు. తెలుగు గుండా వెళ్ళండి. "వైల్ ఇహ్ హొయ్‌టె కైనె త్సైట్ హాబె" అనే వాక్యంలో క్రియ చివరికి పోతుంది. ఇంగ్లీష్ వాడికి ఇది తలకిందులు. మనకో? "నాకు ఇవాళ టైమ్ లేదు కాబట్టి" అని మనం రోజూ అనేదే, క్రియ చివర్లోనే ఉంటుంది. "జీ", "డూ" తేడా పుస్తకాల్లో రెండు పేజీలు వివరిస్తారు, మీరు, నువ్వు అంటే మన మూడేళ్ళ పిల్లకి తెలుసు. జర్మన్ జెడ్ అక్షరం పలకలేక చాలామంది "జ" అంటారు. చాప, చాలా అనేటప్పుడు మన నోట్లోంచి వచ్చే చ ఉంది చూడండి, దాదాపు అదే. పొడవాటి సమాసాలు చూసి భయపడక్కర్లేదు, వెనక నుంచి విడదీసుకుంటూ రండి, చివరి మాటే అసలు మాట, ముందున్నవన్నీ దానికి విశేషణాలు, మన రాజభవనం, పూలతోట లాగే.

కష్టమైనవి లేవని కాదు. డెర్, డీ, దస్ అని ప్రతి వస్తువుకీ లింగం ఉంది, దానికి అడ్డదారి లేదు, మాటతో పాటే బట్టీ పట్టాలి. అంకెలు తిరగేసి చెప్తారు, 25ని ఐదూ ఇరవై అంటారు. ఫోన్ నంబర్ రాసుకునేటప్పుడు, మందు మోతాదు వినేటప్పుడు తొందరపడకండి, ఒక్కో అంకె విడిగా చెప్పమనండి.

కరీంనగర్‌నర్సు, ట్యూబింగెన్ దగ్గర

మేడమ్ చెప్పిన అంకెల మాట నిజం. షిఫ్ట్ మారేటప్పుడు నేను ఇప్పటికీ 25ని రెండు, ఐదు అని విడిగా తిరిగి చెప్పి ఖాయం చేసుకుంటా.

ఇద్దరుపిల్లలతల్లి, హాంబుర్గ్

పెన్నాఒడ్డు గారూ, ఇంతమంది జర్మన్ గురించి చెప్పారు, నేను మీ అమ్మాయి గురించి చెప్తాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాపకి డొక్క అంటే తెలీదు, సలపడం అంటే తెలీదు అన్నారు. అవి జర్మన్ మాటలు కావు కదండీ. పాప జర్మన్‌లో తడబడలేదు, తెలుగులో తడబడింది.

మా పెద్దవాడు కిండర్‌గార్టెన్‌లో చేరినప్పుడు మాట ఆలస్యమైందని అక్కడి టీచర్ ఒకరు ఇంట్లో కూడా జర్మనే మాట్లాడమన్నారు. మంచికే చెప్పారు ఆవిడ. మాకొచ్చిన వచ్చీరాని జర్మన్‌తో ఏడాది పాటు వాడితో మాట్లాడాం. తిను, రా, పడుకో, వద్దు, అంతకుమించి మాకేం వచ్చు? కథ లేదు, బుజ్జగింపు లేదు, కోపం కూడా సరిగ్గా పడలేకపోయేవాళ్ళం. తర్వాత మాటల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ ఆశ్చర్యపోయారు. మీకు ఏ భాషలో ఏడుపూ నవ్వూ వస్తాయో అందులో మాట్లాడండి, జర్మన్ మేం చూసుకుంటాం అన్నారు. ఆ రాత్రి వాడికి తెలుగులో కథ చెప్తూ నేనే ఏడ్చేశాను.

మనలో పాత దుబాసీలు ఉండేవారు చూడండి, దొరలకీ రైతులకీ మధ్య. వాళ్ళకి రెండు భాషలూ నిండుగా వచ్చు, పైగా పెద్దవాళ్ళు, జీతం తీసుకునేవాళ్ళు. మనం తొమ్మిదేళ్ళ పిల్లల్ని దుబాసీలని చేస్తున్నాం, అదీ డాక్టర్ దగ్గర, బ్యాంక్ దగ్గర, వాళ్ళ టీచర్ దగ్గరే వాళ్ళ గురించే. నాకు తెలిసిన ఒక అబ్బాయి తన మార్కుల గురించి టీచర్ చెప్పినదాన్ని వాళ్ళమ్మకి తనే అనువాదం చేశాడు, మంచివి మాత్రమే చెప్పాడు. పన్నెండేళ్ళవాడు, వాడు మాత్రం ఏం చేస్తాడు.

కాబట్టి మీకు పని రెండు వైపులా ఉంది. మీరిద్దరూ జర్మన్‌లో కూర్చోండి, పాపని తెలుగులో కూర్చోబెట్టండి. అన్నం పెడుతూ డొక్క, పిక్క, మడమ, మెడ నరం, నడుం అన్నీ ముట్టుకుని చెప్పండి, ఆట లాగా.

ఎల్బెగాలి, మాగ్డెబుర్గ్

అక్కా, ఇది చదివి మా అమ్మకి ఫోన్ చేశాను. థాంక్స్. నర్సక్కకి కూడా, ఇవాళ గోడౌన్‌లో ఆ వాక్యం వాడాను, పోలండ్ ఆయన ఒకాయన గంటసేపు మాట్లాడాడు, సగం అర్థమైంది.

స్ప్రీతీరం, బెర్లిన్

నేను ఇక్కడ రాసిన మొదటి పోస్ట్ మళ్ళీ చదువుకున్నాను. ఒక పూట సెలవు పెట్టి ఉంటే అని అన్నకి రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను, అది చెప్పాల్సిన సమయం కాదు. లెక్క విషయంలో ఇంకా పూర్తిగా మారలేదు, రెండేళ్ళు ఉండి పోయేవాళ్ళని 600 గంటలు కూర్చోమనడం నాకు న్యాయంగా అనిపించదు. కానీ ఎ1, ఎ2 దాకా ఎవరైనా చెయ్యాలి. మా ఇంటి పక్క ముసలావిడ నాలుగేళ్ళుగా మెట్ల మీద కనపడినప్పుడల్లా ఏదో చెప్తారు, నేను నవ్వి వెళ్ళిపోతాను. ఆవిడ ఏం చెప్తున్నారో నాకు తెలీదని ఇవాళ మెట్లెక్కుతుంటే మొదటిసారి బాధేసింది.

పాతకాపు, స్టుట్‌గార్ట్

తమ్ముడూ, ఆవిడ దగ్గరే మొదలుపెట్టు. ఫీజు కూడా లేదు.

పెన్నాఒడ్డు, మ్యూనిక్

ఏడు వారాలైంది, ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అందరి మాటలూ మా ఆవిడకి చదివి వినిపించాను, లెక్కలటీచర్ గారి పోస్ట్ రెండుసార్లు చదవమంది.

వి.హెచ్.ఎస్. అని పెద్దవాళ్ళ కోసం ఉండే బడిలో సాయంత్రం బ్యాచ్‌లో ఇద్దరం చేరాం, మంగళ, గురువారాలు, ఆరున్నర నుంచి తొమ్మిది. పక్కింటి తెలుగువాళ్ళు పిల్లని చూసుకుంటున్నారు. ఎ1 పాసైనవాణ్ణి కదా అని నన్ను ఎ2లో కూర్చోమన్నారు, నేను మా ఆవిడతో పాటే మొదటి నుంచీ చేస్తానన్నాను. మూడు వారాలకే నాకంటే తను ముందుంది. జర్మన్ జెడ్‌ని త్స అని పలకడం నాకంటే బాగా వస్తోంది, భాషాపాఠం గారు చెప్పిన చాప, చాలా చిట్కా క్లాసులో పక్కన కూర్చునే విజయవాడ అబ్బాయికి కూడా చెప్పింది.

కరీంనగర్‌నర్సు గారు ఇచ్చిన మాటలు ఫ్రిజ్ మీద ఉన్నాయి. ఎడమ పక్క తెలుగులో, కుడి పక్క జర్మన్‌లో రాసింది. రోజూ పడుకునే ముందు అమ్మా కూతురూ ఆట ఆడుతున్నారు. ఒకళ్ళు ఒంటి మీద ఎక్కడో చెయ్యి పెడితే ఇంకొకళ్ళు రెండు భాషల్లో చెప్పాలి. పిల్లకి ఇప్పుడు డొక్క వచ్చు, చంక వచ్చు, పిక్క వచ్చు. కణత అంటే ఏంటని మొన్న నన్నే అడిగింది, చూపించాను.

పోయిన బుధవారం ఆపరేషన్ తర్వాత చెకప్ ఉంది. నేను సెలవు పెట్టి వెళ్ళాను కానీ లోపలికి రావద్దంది, బయట కుర్చీలో కూర్చున్నాను. పిల్ల స్కూల్లో ఉంది. తలుపు కొంచెం తెరిచే ఉంది, వినపడుతోంది. బొడ్డు దగ్గర కుట్లు వేసిన చోట ఇంకా లాగుతోందని చెప్పాలి తను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "హియర్. ఎస్ త్సీట్. నిహ్ట్ ఇమ్మర్" అంది, ఇక్కడ, లాగుతోంది, ఎప్పుడూ కాదు అని. డాక్టర్ ఇంకో ప్రశ్న అడిగారు, నాకు అర్థం కాలేదు. తనకి అర్థమైంది, జవాబు చెప్పింది.

మ్యూనిక్‌లో పాసింగ్ వైపు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆదివారం పొద్దున ఒక గంట జర్మన్‌లో మాట్లాడుకోవడానికి మా ఇంటికి రండి. టిఫిన్ మాది.